కుడి చేతికి ముందు బ్రేకు

స్కూటరో బైకో ఏళ్ళ తరబడి నడిపి ఆ తర్వాత సైకిల్ కొన్నవాళ్ళకి నేను మొదట చెప్పేది ఒకటే. సైకిల్ ఇంటికి రాగానే ముందు చక్రం పైకి లేపి గట్టిగా తిప్పండి, తిరుగుతుండగా కుడి చేతి లివర్ నొక్కండి. చక్రం టక్కున ఆగిందా, మంచిది, మీ సైకిల్ మీ చేతుల అలవాటుకి సరిపోయింది. ఆగకుండా తిరుగుతూనే ఉందా, అంటే ముందు బ్రేకు ఎడమ చేతిలో ఉందన్నమాట. అప్పుడు లైటు, బెల్లు, బాటిల్ స్టాండు, మెత్తటి సీటు అన్నీ తర్వాత కొనుక్కోవచ్చు, ముందు ఆ బ్రేకుల్ని అటువి ఇటూ ఇటువి అటూ మార్చుకోండి. కేబుల్ బ్రేకులైతే అరగంట పని. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులైతే, అంటే కేబుల్ బదులు పైపులో ఆయిల్ ఒత్తిడితో పనిచేసేవైతే, కాస్త పెద్ద పనే, కానీ ఓపిక ఉంటే ఇంట్లో చేసుకోగలిగిన పని.

ఇలా రెండు రకాలుగా ఎందుకొస్తాయంటే ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. అమెరికాలో సైకిళ్ళకి ఉన్న ప్రభుత్వ నిబంధనల ప్రకారం వెనక బ్రేకు కుడి చేతికి, ముందు బ్రేకు ఎడమ చేతికి ఉండాలి, కొనేవాళ్ళు ప్రత్యేకంగా అడిగితే తప్ప. బ్రిటన్‌లో దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది, అక్కడ 2010లో వచ్చిన సైకిల్ భద్రతా నిబంధనల్లో కొత్త సైకిల్‌కి కుడి లివర్ ముందు బ్రేకుకే అని రాసి ఉంది. జపాన్‌లో, ఆస్ట్రేలియాలో కూడా కుడి చేతికే ముందు బ్రేకు. యూరప్‌లో ఎక్కువ దేశాల్లో ఎడమకి. ఐఎస్ఓ 4210 అని సైకిళ్ళకి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అది కూడా ఈ విషయంలో ఎటూ చెప్పకుండా, అమ్మే దేశంలో చట్టమో ఆనవాయితీయో ఎలా ఉంటే అలా బిగించండి, ఏ లివర్ దేనికో మాన్యువల్‌లో రాయండి అని ఊరుకుంది. మన దగ్గరేమో అన్ని దేశాల బ్రాండ్లూ అమ్ముతారు, ఆన్‌లైన్‌లో డబ్బాలో వచ్చేవి ఉన్నాయి, బయటి దేశాల నుంచి సామాన్లతో పాటు తెచ్చుకుని ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో అమ్మేసేవి ఉన్నాయి. బెంగళూరులో సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగిన రెండు సైకిళ్ళకి బ్రేకులు ఒకేలా ఉంటాయని నమ్మకం లేదు.

మా బామ్మర్దిది కడప. కాలేజీ రోజుల నుంచీ పల్సరే వాడి బండి. ఉద్యోగానికి ఇక్కడికొచ్చి మారతహళ్ళిలో ఉంటున్నాడు, ఈ మధ్య వైట్‌ఫీల్డ్‌లో అమెరికా నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే) మౌంటెన్ బైక్ ఒకటి కొన్నాడు. మంచి సైకిల్, షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ బ్రేకులు, ఫ్రేమ్ మీద గీత కూడా లేదు. కుందలహళ్ళి గేటు దాటాక ఒక ఆటో ఉన్నట్టుండి ఎడమకి కోసుకుంటూ వచ్చేసరికి వీడు రెండు చేతులూ ఒక్కసారిగా బిగించాడు, వెనక చక్రం గాల్లోకి లేచింది. ఎలాగో కాలు కింద పెట్టి నిలదొక్కుకున్నాడు, దెబ్బలేం తగల్లేదు. సాయంత్రం మా ఇంటికొచ్చి కూర్చుని ఒక మాటన్నాడు.

"బావా, నేను బ్రేక్ పట్టలే. క్లచ్ పట్టినా. చెయ్యి దానంతటదే పట్టేసింది."

అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది. గేర్ బైకు నడిపేవాళ్ళు కంగారులో ఏం చేస్తారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కుడి చెయ్యి ముందు బ్రేకుని చూసుకుంటూ నొక్కుతుంది, టైరుకి పట్టు ఎంత ఉందో ఆ వేళ్ళకి తెలుసు, ఇసుక కనిపిస్తే దానంతటదే వదులుతుంది. కుడి కాలు వెనక బ్రేకు తొక్కుతుంది. ఎడమ చెయ్యి మాత్రం క్లచ్‌ని ఒక్క దెబ్బకి మొత్తం, హ్యాండిల్‌కి ఆనేదాకా లాగేస్తుంది, క్లచ్‌ని అలాగే పట్టాలి కాబట్టి. కొలిచి నొక్కడం అనేది ఆ చేతికి ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు అదే ఎడమ చేతి కింద క్లచ్ బదులు, రెండు వేళ్ళతో చక్రాన్ని బిగించేసే హైడ్రాలిక్ ముందు బ్రేకు ఉందనుకోండి. వాడి వెనక చక్రం లేవకపోతే ఆశ్చర్యపోవాలి.

స్కూటర్ నడిపేవాళ్ళకీ ఇబ్బందే, కాకపోతే వేరే దారిలో. గేర్లు లేని స్కూటర్‌కి ఎడమ లివర్ వెనక బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బళ్ళకి కనీసం సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిపి పట్టే కంబైన్డ్ బ్రేకింగ్ సిస్టమ్) ఉండి తీరాలని రూలు వచ్చాక, ఇప్పటి స్కూటర్లలో ఎడమ లివర్ నొక్కితే వెనక బ్రేకుతో పాటు ముందుది కూడా కొంత పడుతుంది. అది మంచిదే, కానీ దానివల్ల చాలామంది కుడి లివర్ జోలికే వెళ్ళకుండా ఎడమ చేత్తోనే, గట్టిగా నొక్కి, బండి ఆపడానికి అలవాటు పడ్డారు. బరువైన స్కూటర్ ఆ నొక్కుడిని తట్టుకుంటుంది. పదమూడు కిలోల సైకిల్ మీద, ఆ లివర్ నేరుగా ముందు డిస్క్‌కి పోతుంటే, తట్టుకోదు.

ముందు బ్రేకంటే అసలు భయమే వద్దని చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే ఈ కథ విన్నవాళ్ళలో కొందరు "అయితే వెనకదే వాడితే పోలా" అంటారు. పోదు. బ్రేకు వెయ్యగానే మనిషి బరువూ సైకిల్ బరువూ ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది, తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు, అందుకే కొంచెం గట్టిగా నొక్కగానే జారుతుంది. పొడి రోడ్డు మీద ముందు బ్రేకు బాగా వాడితే గురుత్వాకర్షణలో దాదాపు సగం అంత జోరుగా వేగం తగ్గించొచ్చు, అంతకు మించితే మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పోతాడు. వెనక బ్రేకు ఒక్కదానితో అందులో సగం సాధించడమే గొప్ప. అంటే నిజంగా ఆగాల్సి వచ్చినప్పుడు ఆపేది ముందు బ్రేకే. అలాంటిది మనకి బాగా అలవాటైన, కొలత తెలిసిన చేతిలో ఉండాలి. నేను చెప్పేదల్లా ఇంతే.

ఇంకో కారణం కూడా ఉంది, అది మన రోడ్లకి సంబంధించింది. మనం ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి కుడికి తిరిగేటప్పుడే ఎదురుగా వచ్చే ట్రాఫిక్‌ని, వెనక నుంచి వచ్చేదాన్ని దాటాలి, అప్పుడే కుడి చెయ్యి చాచి చూపించాలి. ఆ కాసేపు హ్యాండిల్ మీద ఉండేది ఎడమ చెయ్యి ఒక్కటే. ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని గుంత తప్పించుకుంటూ వేగం తగ్గించాలంటే ఆ చేతిలో వెనక బ్రేకు ఉండటమే మేలు, పొరపాటున ఎక్కువ నొక్కినా చక్రం కాస్త జారుతుంది తప్ప మనిషి ఎగిరిపడడు. కుడి పక్కన నడిచే అమెరికాలో ఎడమ చేత్తో సిగ్నల్ ఇస్తారు, వాళ్ళకి వెనక బ్రేకు కుడి చేతిలో ఉండటం అదే లెక్కన సరిపోతుంది. వాళ్ళ పద్ధతి తప్పు కాదు, వాళ్ళ రోడ్డుకి అది. మనకి ఇది.

బామ్మర్ది సైకిల్‌ని మొదట దగ్గర్లో ఉన్న ఒక షాపుకి తీసుకెళ్ళాం. "కొన్నాళ్ళు తొక్కితే అలవాటైపోతుంది సార్, ఎందుకు ఊరికే ఆయిల్ లైన్లు విప్పడం" అన్నారు. ఈ సలహా చాలాచోట్ల వింటాం, నేను దీన్ని ఒప్పుకోను. సైకిల్ ఒక్కటే తొక్కేవాళ్ళకి నిజంగానే అలవాటవుతుంది, ఏళ్ళుగా ఎడమ ముందు బ్రేకుతో తొక్కుతూ బైకు ముట్టుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే హాయిగా అలాగే ఉంచుకోండి, మార్చొద్దు. కానీ మా వాడు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పల్సర్ మీద రోజూ కొన్ని వందల సార్లు క్లచ్ పడతాడు, శనాదివారాల్లో సైకిల్ తొక్కుతాడు. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నది మిగతా ఐదు రోజుల్లో చెరిగిపోతుంది. మామూలుగా ఆగేటప్పుడు గుర్తుంటుంది, అవును, ఇది సైకిల్ కదా అని. ఆటో అడ్డమొచ్చినప్పుడు గుర్తు తెచ్చుకునేంత టైముండదు, అలవాటున్న చెయ్యి అలవాటున్న పని చేసేస్తుంది.

సరే, పనిలోకి వద్దాం. ముందు మీ లివర్లు ఏ రకమో చూసుకోవాలి. స్రామ్ కంపెనీ లివర్లు చాలావరకు రెండు వైపులా పనికొచ్చేలా తయారవుతాయి. క్లాంపు విప్పి, లివర్‌ని తిరగేసి, అటువైపు బిగించడమే, ఆయిల్ లైన్ ముట్టుకోవాల్సిన పనే లేదు, పైపు పొడవు చాలితే చాలు. షిమానోవి అలా కాదు, కుడిది కుడిదే, ఎడమది ఎడమదే. తిరగేసి బిగిస్తే బ్లీడ్ స్క్రూ (లోపలి గాలి తియ్యడానికి విప్పే స్క్రూ) కిందకి పోతుంది, గాలి బుడగలు పైకి తేలి బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. అందుకని షిమానో అయితే లివర్లని ఎక్కడివక్కడ ఉంచి, వాటికి వచ్చే పైపుల్ని మార్చాలి. గేరు లివరూ బ్రేకు లివరూ కలిసి ఒకటే ముక్కగా ఉన్నవాటికీ, డ్రాప్ హ్యాండిల్ ఉన్న రోడ్ బైకులకీ కూడా పైపులు మార్చడమే దారి, వెనక గేరు మీట ఎలాగూ కుడి పక్కనే ఉండాలి కదా.

ఏదీ విప్పకముందే పైపుల పొడవు చూసుకోండి. హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి, కొత్త దారిలో పైపు ఎలా పోతుందో చేత్తో కొలిచి చూడాలి. పాత చివర ఒక సెంటీమీటరు దాకా కోసెయ్యాల్సి వస్తుంది, అది కూడా లెక్కలో వేసుకోవాలి. ముందు పైపుకి సాధారణంగా ఇబ్బంది ఉండదు, ముందు కాలిపర్, అంటే ప్యాడ్లతో డిస్క్‌ని బిగించి పట్టే ముక్క, ఫోర్కుకి (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునేది) ఎడమ కాలి మీద ఉంటుంది, అటువైపు లివర్ నుంచి నేరుగా కిందకి దిగే పైపు చిన్న మెలిక తిరగాల్సి వస్తుంది, కుడి లివర్ నుంచైతే హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్‌కి ముందుండే పొట్టి గొట్టం) ముందు నుంచి పెద్ద వంపు తిరిగి చక్కగా దిగుతుంది. చూడటానికి కూడా బాగుంటుంది. వెనక పైపుతోనే జాగ్రత్త. ఫ్రేమ్ లోపలి నుంచి పోయే పైపులైతే అవి ఏ పక్క రంధ్రంలోంచి లోపలికి పోతున్నాయో చూడాలి, మారిన తర్వాత హెడ్ ట్యూబ్ దగ్గర బిగుసుకుపోతుంటే కొత్త పైపు కొనడమే, లాగి సరిపెట్టే పని చెయ్యకూడదు. మా వాడిది బయట నుంచి పోయే పైపు, కావలసినంత పొడవుంది.

కొనాల్సినవి తక్కువే. లివర్‌కి ఒకటి చొప్పున కొత్త ఒలివ్, ఇన్సర్ట్ కావాలి. ఒలివ్ అంటే పైపు చివర తొడిగే చిన్న ఇత్తడి ఉంగరం, నట్టు బిగించినప్పుడు అది నలిగి పైపుని కరిచి పట్టుకుంటుంది, ఒకసారి నలిగాక మళ్ళీ అంత పట్టు రాదు. ఇన్సర్ట్ అంటే పైపు లోపలికి దిగగొట్టే సన్నటి గొట్టం. ఇవి పైపు రకాన్ని బట్టి మారతాయి, ఎంటీ200కి వచ్చేది బీహెచ్59 పైపు, ఖరీదైన బ్రేకులకి వాడే బీహెచ్90 ఇన్సర్ట్ దీనికి పనికిరాదు. పైపు మీదే రాసి ఉంటుంది, చూసి అడగండి. ఇంకా షిమానో మినరల్ ఆయిల్, పైన పెట్టే గరాటు, కింద నుంచి ఎక్కించడానికి సిరంజీ సన్నటి ట్యూబూ, 8 ఎంఎం స్పానర్. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది.

ఆయిల్ గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. సైకిల్ బ్రేకుల్లో రెండు రకాల ఆయిల్ వాడతారు. షిమానో, టెక్ట్రో, మగురా లాంటివి మినరల్ ఆయిల్. స్రామ్‌లో చాలా మోడళ్ళు, హోప్ లాంటివి డాట్ ఫ్లూయిడ్, అంటే బైకుల్లో కార్లలో పోసే రకం. ఈ రెండూ ఒకదాని బదులు ఒకటి పోసేవి కావు. మినరల్ ఆయిల్ కోసం తయారుచేసిన సీళ్ళలో డాట్ పడితే అవి ఉబ్బి పాడైపోతాయి, డాట్ బ్రేకులో మినరల్ ఆయిల్ పోసినా అదే గతి. షిమానో వాళ్ళు సీళ్ళు విడిగా అమ్మరు, అంటే లివరూ కాలిపరూ రెండూ మార్చాల్సిందే. మన దగ్గర ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే జేసీ రోడ్డులో ఏ షాపులోనైనా డాట్ 4 సీసా సులువుగా దొరుకుతుంది, బైకు మెకానిక్‌కి అదే బ్రేక్ ఆయిల్. "బ్రేక్ ఆయిల్ అంటే బ్రేక్ ఆయిలే కదా" అని పోసేస్తారు. సైకిల్‌ని ఎవరి చేతిలో పెట్టినా ముందు లివర్ మూత మీద ఏం రాసుందో చూపించి, ఇదే పొయ్యాలి అని చెప్పండి. ఏదీ దొరక్కపోతే ఆగండి, కొరియర్‌లో వచ్చేదాకా సైకిల్ పక్కన పెట్టండి.

ఆదివారం పొద్దున బాల్కనీలో పాత పేపర్లు పరిచి మొదలుపెట్టాం. మొదటి పని రెండు చక్రాలూ తీసి గదిలో దూరంగా పెట్టడం. ఆ తర్వాత బ్రేక్ ప్యాడ్లు తీసి ఒక కవర్లో వేసి చక్రాల పక్కనే పెట్టడం. డిస్క్ మీద గానీ ప్యాడ్ మీద గానీ ఒక్క చుక్క ఆయిల్ పడితే బ్రేకు పట్టదు, కీచుమని అరుస్తుంది. డిస్క్‌ని ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది గానీ ప్యాడ్ ఆయిల్‌ని పీల్చుకుంటుంది, దాన్ని కొత్తది కొనడమే. ప్యాడ్ల చోట పసుపు రంగు ప్లాస్టిక్ ముక్క పెట్టాం, బ్రేకుతో పాటు డబ్బాలో వచ్చేదే, పిస్టన్లు బయటికి రాకుండా అది ఆపుతుంది.

లివర్ దగ్గర రబ్బరు తొడుగు వెనక్కి జరిపితే నట్టు కనిపిస్తుంది. 8 ఎంఎం స్పానర్‌తో విప్పాక పైపుని మెల్లగా వెనక్కి లాగితే బయటికి వస్తుంది, చివర ఎర్రటి ఆయిల్ బొట్టు ఒకటి నిలబడుతుంది. ఆ చివరని వెంటనే పైకి ఎత్తి పట్టుకోవాలి, కాలిపర్ కన్నా ఎత్తులో ఉన్నంతసేపూ లోపలి ఆయిల్ లోపలే ఉంటుంది. మేము రెండు పైపుల్నీ పైనున్న బట్టలారేసే తాడుకి క్లిప్పులతో తగిలించాం. పైపులు విప్పి ఉన్నంతసేపూ ఎవరూ లివర్ నొక్కకూడదు, ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందే చెప్పి పెట్టండి, సైకిల్ లివర్ కనిపిస్తే నొక్కకుండా ఉండే పిల్లలు నాకు తెలిసి లేరు.

తర్వాత పైపు కొయ్యడం. ఇక్కడ తొందర పనికిరాదు. కొత్త కట్టర్ బ్లేడు పెట్టుకుని ఒకే దెబ్బకి, నిలువుగా, తొంభై డిగ్రీలు వచ్చేలా కొయ్యాలి. వంకరగా కోస్తే ఇన్సర్ట్ అంచు సరిగ్గా కూర్చోదు, ఆయిల్ కారుతుంది. కోశాక రబ్బరు తొడుగు, నట్టు, ఒలివ్ ఈ వరుసలో ముందే ఎక్కించుకోవాలి. ఇన్సర్ట్ దిగగొట్టాక కూడా అవి ఎక్కించొచ్చు కదా అనిపిస్తుంది గానీ ఎక్కవు, ఇన్సర్ట్ తల అడ్డం వస్తుంది. ఇన్సర్ట్‌ని చిన్న సుత్తితో మెల్లగా కొడితే దిగుతుంది, పైపు జారిపోకుండా బ్రేకుతో వచ్చే రెండు ప్లాస్టిక్ బ్లాకుల మధ్య పెట్టి పట్టుకోవాలి. తల పైపు అంచుకి పూర్తిగా ఆనేదాకా కొట్టాలి, మధ్యలో ఆపకూడదు.

ఇప్పుడు ముందు పైపు కుడి లివర్‌కి, వెనక పైపు ఎడమ లివర్‌కి. పైపుని లోపలికి నొక్కి పట్టుకుని ఉండగానే నట్టు తిప్పాలి, వదిలేస్తే పైపు కొంచెం వెనక్కి వచ్చి ఒలివ్ తప్పు చోట కరుస్తుంది. షిమానో చెప్పే బిగింపు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ ఉంటే వాడండి, చేతి బలం అంతా పెట్టేస్తే నట్టు మరలు పోతాయి.

మిగిలింది గాలి తియ్యడం. నిజానికి జాగ్రత్తగా మారిస్తే లోపలికి పోయే గాలి తక్కువే, కొందరు పైన గరాటు పెట్టి లివర్‌ని కాసేపు నొక్కి వదులుతూ సరిపెట్టేస్తారు, అది చాలాసార్లు పని చేస్తుంది కూడా. నేను మాత్రం కింద నుంచి పూర్తిగా చేస్తేనే ఒప్పుకుంటాను, పైపు విప్పిన బ్రేకుని సగం పనితో రోడ్డు మీదకి తీసుకెళ్ళడం నాకు ఇష్టం ఉండదు. లివర్‌ని నేలకి సమాంతరంగా తిప్పి, బ్లీడ్ స్క్రూ తీసి, దాని చిన్న రబ్బరు రింగు పోగొట్టుకోకుండా గిన్నెలో వేసి, గరాటు బిగించాలి. కాలిపర్ నిపుల్‌కి, అంటే ఆయిల్ ఎక్కించే చిన్న మూతికి, ఆయిల్ నింపిన సిరంజీ ట్యూబు తొడిగి, నిపుల్‌ని కొంచెం వదులు చేసి, మెల్లగా ఎక్కించాలి. గరాటులోకి ఆయిల్‌తో పాటు బుడగలు వస్తాయి. స్పానర్ వెనక భాగంతో కాలిపర్‌ని, పైపు పొడవునా తడుతూ ఉండాలి, నర్సు సెలైన్ పైపుని వేలితో కొట్టి బుడగని పైకి తోలినట్టు.

"బావా, ఇంకా వస్తానే ఉండాయి."

"రానీ రా. ఆగేదాకా తట్టు, సిరంజీ ఖాళీ అవకుండా చూసుకో."

బుడగలు ఆగాక నిపుల్ బిగించి, సిరంజీ తీసేసి, గరాటులో ఆయిల్ ఉండగానే లివర్‌ని మెల్లగా నొక్కి వదులుతూ ఉండాలి. లివర్‌ని కాస్త ముందుకి, కాస్త వెనక్కి వంచి కూడా నొక్కాలి, మూలల్లో దాక్కున్న బుడగలు అప్పుడే బయటపడతాయి. క్రమంగా వేళ్ళకి తేడా తెలుస్తుంది. మొదట మెత్తగా, లోతుగా పోయే లివర్ ఒకచోట గట్టిగా ఆగడం మొదలవుతుంది, ఎన్నిసార్లు నొక్కినా అక్కడే ఆగుతుంది. ఆ ఆగడం చేతికి తెలిసిందంటే పని అయినట్టే. గరాటు మూతి మూసి తీసేసి, స్క్రూ బిగించి, కారిన ఆయిల్ మొత్తం ఆల్కహాల్‌తో తుడిచాక, చేతులు సబ్బుతో కడుక్కుని, అప్పుడు ప్యాడ్లు, ఆ తర్వాత చక్రాలు పెట్టాం.

రోడ్డు మీదకి వెళ్ళే ముందు ఇంకో పరీక్ష ఉంది. రెండు నట్ల చుట్టూ టిష్యూ పేపర్ చుట్టి, లివర్ని గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. నొక్కి పట్టినప్పుడు లివర్ మెల్లగా లోపలికి జారుతున్నా, టిష్యూ మీద చిన్న మరక కనిపించినా, మళ్ళీ విప్పాల్సిందే. మాది పొడిగానే ఉంది. అప్పుడు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, కార్లు లేని వరసలో, మొదట నడిచే వేగంలో, తర్వాత కొంచెం పెంచి, ఒక్కో బ్రేకూ విడివిడిగా నొక్కి చూశాడు. ఆ తర్వాత రెండూ ఒక్కసారిగా, కుందలహళ్ళిలో పట్టినట్టే పట్టమన్నాను. ఎడమ చెయ్యి లివర్‌ని మొత్తం లాగేసింది, వెనక టైరు సిమెంటు మీద నల్లటి గీత గీసింది, కుడి చెయ్యి దాని లెక్క ప్రకారం నొక్కింది, సైకిల్ తిన్నగా ఆగింది. వాడికి నేను ఏమీ నేర్పలేదు, వాడి చేతులకి ముందే వచ్చిన పనే అది.

తర్వాత నంది హిల్స్‌కి వెళ్ళాం. ఎత్తు 1,478 మీటర్లు, ఎక్కేటప్పుడు కాళ్ళు నొప్పులు, దిగేటప్పుడు ఒకదాని వెనక ఒకటి హెయిర్‌పిన్ మలుపులు. కొండ దిగేటప్పుడే ముందు బ్రేకు మీద నమ్మకం ఉందో లేదో తేలిపోతుంది. మలుపుకి ముందే కుడి చేత్తో వేగం తగ్గించి, మలుపులో వదిలేసి దిగుతున్నాడు. కింద ఆగి డిస్కులు చూస్తే ముందుది బాగా వేడెక్కింది, వెనకది అంతగా లేదు. ఇంతకుముందు వాడు కొండలు దిగేటప్పుడు భయంతో వెనకదే పట్టుకుని దిగేవాడట, హార్స్‌లీ హిల్స్‌లో ఒకసారి వెనక డిస్క్ మీద నీళ్ళు పోస్తే చుయ్‌మందని చెప్పాడు.

మార్చుకున్నాక ఒకటి రెండు విషయాలు మర్చిపోవద్దు. ఇంట్లో ఎన్ని సైకిళ్ళుంటే అన్నింటికీ ఒకేలా ఉంచండి, ఒకటి ఇలా ఒకటి అలా ఉంటే అసలు మార్చకపోవడమే నయం. మీ సైకిల్ ఎవరైనా ఒక రౌండు అడిగితే ఇచ్చే ముందు ఏ లివర్ ఏదో చెప్పండి, వాళ్ళు ఎక్కేముందు నిలబడి ఒకసారి నొక్కి చూడమనండి. అమ్మేటప్పుడూ అంతే, కొనేవాళ్ళకి ఆ విషయం ముందే చెప్పాలి. అద్దెకి సైకిల్ తీసుకుంటే, ముఖ్యంగా బయటి దేశాల్లో, ఎక్కేముందు చక్రం తిప్పి చూసుకోండి.

మా ఇంట్లో ఇంకా ఒకటి మిగిలింది, మా ఆవిడ సైకిల్. దానిది వి-బ్రేకు, కేబుళ్ళే, ఆయిల్ గొడవ లేదు. లివర్ దగ్గర కేబుల్ తలకాయ విప్పి అటువి ఇటు పెట్టడం, వెనక కేబుల్ పొట్టిదైతే ఇన్నర్, ఔటర్ కొత్తవి వెయ్యడం, అంతే. ఆమె రోజూ నడిపేది యాక్టివా కాబట్టి ఆ పని ఈ వారమే చేసేస్తాను, ఇన్నర్ కేబుల్ తెచ్చి పెట్టమని బామ్మర్దికి చెప్పాను.